సగం మామూలుది, సగం వంద: పెట్రోల్ కలిపి పోయించే ముందు

పోయిన ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో బంకు దగ్గర ఉన్నాడు. "అన్నా, ట్యాంకులో సగం మామూలు పెట్రోల్ ఉంది. దాని మీద ఎక్స్‌పీ హండ్రెడ్ పోయిస్తే ఏమన్నా అవుతదా? ఇంజన్ పోతదా?" వెనకాల ఎవరో హారన్ కొడుతున్నారు, పంపు దగ్గర అబ్బాయి "జీరో చూసుకోండి సార్" అంటున్నాడు. ఏమీ కాదు, పోయించు, సాయంత్రం ఇంటికి రా మాట్లాడదాం అన్నాను. ఎక్స్‌పీ హండ్రెడ్ అంటే ఇండియన్ ఆయిల్ వాళ్ళ వంద ఆక్టేన్ పెట్రోల్, ఎక్స్‌పీ100.

సాయంత్రం వచ్చాడు, గంటసేపు ఇదే మాట్లాడుకున్నాం. ఈ ఏడాదిలో ఇదే ప్రశ్న కాస్త అటూ ఇటూగా నన్ను చాలామంది అడిగారు, ఆఫీసులో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఆఖరికి మా మేనత్త కూడా. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ముందే ఒక మాట. ఇప్పుడు మనవాళ్ళు ఆక్టేన్ గురించి అడుగుతున్న ప్రశ్నల్లో చాలావరకు నిజానికి పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్ అనే ఆల్కహాల్ గురించిన భయాలు. రెండూ ఒకే నాజిల్‌లోంచి వస్తున్నాయి కాబట్టి ఒకటే సమస్య అనిపిస్తుంది. వాటిని విడదీసి చూసుకుంటే ఏది పోయించాలో, ఏది ఎంత కలపాలో వెంటనే తేలిపోతుంది, డబ్బులూ మిగులుతాయి.

ఆక్టేన్ సంగతి ముందు చూద్దాం. చాలామంది దాన్ని పెట్రోల్ బలం అనుకుంటారు, 91 కంటే 95 గట్టిది, 95 కంటే 100 ఇంకా గట్టిది అని. నేనైతే దాన్ని పెట్రోల్ ఓపిక అంటాను. ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చి గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది, నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది, ఆ వేడికి తనంతట తాను అంటుకోకుండా స్పార్క్ ప్లగ్ వెలిగించేదాకా ఆగగలగాలి. స్పార్క్ పడ్డాక కూడా మంట ఆ చివర నుంచి ఈ చివరకు వరసగా పాకాలి. దీపావళికి సీమటపాకాయల జడ కాలుస్తాం కదా, ఒక చివర వెలిగిస్తే వరసగా పేలుకుంటూ పోతుంది. ఎక్కడి నుంచో నిప్పురవ్వ పడి అవతలి చివర కూడా అంటుకుంటే రెండు వైపుల నుంచీ ఒక్కసారిగా పేలిపోతుంది. ఇంజన్‌లో జరిగే అలాంటి పేలుడునే నాకింగ్ అంటారు. సిలిండర్‌లో ఆఖరున మిగిలిన మిశ్రమం మంట తన దాకా రాకముందే అంటుకుని, ఆ ఒత్తిడి అల పిస్టన్‌నీ గోడల్నీ సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ఎక్కువకాలం అలాగే నడిపితే పిస్టన్ పాడవుతుంది.

ఆ ఓపికను కొలవడానికి ఒకే సిలిండర్ ఉన్న ప్రత్యేకమైన ఇంజన్ ఉంటుంది, అది నడుస్తుండగానే కంప్రెషన్ పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకున్నారు. 95 ఆక్టేన్ పెట్రోల్ అంటే 95 పాళ్ళు ఐసో ఆక్టేన్, 5 పాళ్ళు హెప్టేన్ కలిపిన మిశ్రమం ఎంత తట్టుకుంటుందో అంత తట్టుకుంటుందని అర్థం. అంతే. ఎక్కువ ఆక్టేన్ ఉన్నంత మాత్రాన లీటరులో ఎక్కువ శక్తి ఉన్నట్టు కాదు. ఇథనాల్‌నే తీసుకోండి, దాని ఆక్టేన్ 108 దాటుతుంది, కానీ లీటరుకి ఇచ్చే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ.

ఈ విషయం నాకు పుస్తకంలో కాదు, శ్రీశైలం ఘాట్‌లో అర్థమైంది. 2022 వేసవిలో అమ్మా నాన్నా, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, డిక్కీ నిండా సామాన్లతో బయల్దేరాం. నాది 2018 మోడల్ చిన్న టర్బో పెట్రోల్ కారు. పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ మీద రాన్ 95 అని (రాన్ అంటే మన దగ్గర రాసే ఆక్టేన్ అంకె) పెద్దగా, కనీసం 91 అని దాని కింద చిన్నగా రాసి ఉంది, నేను ఆ చిన్న అక్షరాలనే నమ్ముకుని కొన్న రోజు నుంచీ మామూలు పెట్రోలే పోయిస్తున్నాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటి, అడవంతా దాటి, ఈగలపెంట నుంచి కిందికి దిగి, కృష్ణ మీది వంతెన దాటాక మళ్ళీ ఎక్కుడు మొదలైంది. ఏసీ ఆన్‌లో ఉంది, బయట నిప్పులు కురుస్తున్నాయి, మూడో గేరులోనే లాగిద్దామని యాక్సిలరేటర్ తొక్కాను. సీసాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గలగలమని చప్పుడు. నాన్న వెనక నుంచి "బండి ఎందుకో కొట్టుకుంటోందిరా" అన్నారు. ఆయన జీవితమంతా స్కూటర్లు నడిపిన మనిషి, చెవి బాగా పనిచేస్తుంది. ఏసీ ఆపేసి రెండో గేరులోకి తెచ్చేసరికి చప్పుడు తగ్గింది, కానీ బండి లాగడంలో ఆ ఊపు పోయింది, సున్నిపెంట చేరేదాకా అందరం బిగుసుకుపోయి కూర్చున్నాం.

హైదరాబాద్ వచ్చాక మా వీధి మెకానిక్ అన్న దగ్గరికి వెళ్తే ఆయన ముందు అడిగిన ప్రశ్న "ఏ గేర్ల ఉన్నవ్?" అని. తప్పు సగం నాదే. తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ బరువుతో, ఎక్కుడులో తొక్కితే ఏ ఇంజనైనా కొట్టుకుంటుంది. మిగతా సగం పెట్రోల్‌ది. నా కారులో నాక్ సెన్సర్ ఉంది, చప్పుడు వినగానే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది, ఇంజన్‌ను కాపాడుతుంది, దానికి బదులుగా పవర్ తగ్గిస్తుంది. ఘాట్ మీద ఊపు పోయిందని నేననుకున్నది అదే. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇండియన్ ఆయిల్ వాళ్ళ 95 ఆక్టేన్ పెట్రోల్, ఎక్స్‌పీ95 వాడాను. లెక్క పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి చెప్పగలను: సిటీలో మామూలు పెట్రోల్‌తో లీటరుకి 12.1 కిలోమీటర్లు, 95తో 12.6. మైలేజీ 4 శాతం పెరిగింది, రేటు 7 శాతం దాకా ఎక్కువ. రూపాయల్లో చూస్తే గిట్టలేదు. ఎక్కుళ్ళలో, ఎండల్లో, నిండుగా మనుషులున్నప్పుడు మాత్రం తేడా నిజంగా తెలిసింది, దానికోసం ఆ మూడు శాతం ఇవ్వడం నాకు భారమనిపించలేదు.

మా తమ్ముడి కారు వేరే. 2016 మోడల్, టర్బో లేదు, కంపెనీ అడిగింది 91 మాత్రమే. ఆ ఇంజన్‌కి 100 పోసినా, 91 పోసినా స్పార్క్ సమయం దాదాపు ఒకటే. తనకి అక్కర్లేని ఓపికను అది ఏం చేసుకుంటుంది? వంద పోయించినప్పుడల్లా బండి స్మూత్‌గా వెళ్తోందని వాడంటాడు. లీటరుకి 160 రూపాయలు పెట్టాక మన పాదం కూడా కొంచెం మెత్తగా తొక్కుతుంది, నేనూ దాన్ని అనుభవించాను.

బంకులో "ప్రీమియం వెయ్యాలా సార్" అనడిగితే ఆక్టేన్ ఎక్కువ అనుకోకండి. ఒకప్పుడు స్పీడ్, పవర్ లాంటి పేర్లతో అమ్మినవాటిలో చాలావరకు మామూలు పెట్రోల్‌లో ఇంజన్ శుభ్రం చేసే మందులు కలిపినవే, ఆక్టేన్ అంకె అదే. పేరు కాదు, నాజిల్ మీద అంకె చూడాలి. ఎక్స్‌పీ100ని 2020 డిసెంబరులో తెచ్చారు, మథుర రిఫైనరీలో తయారవుతుంది, మొదట పది నగరాల్లో వచ్చి తర్వాతి విడతలో హైదరాబాద్‌కి వచ్చింది.

అంకె చూడాలి అన్నాను కదా, ఆ అంకె ఏ దేశానిదో కూడా చూడాలి. మా పెద్దమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా కారు మూత చూసి "మీకు మామూలుదే 91 ఆ? మా దగ్గర అది ప్రీమియం రేటు!" అని ఆశ్చర్యపోయాడు. అమెరికా పంపు మీద రాసేది వేరే అంకె. ఆక్టేన్‌ను రెండు పద్ధతుల్లో కొలుస్తారు, రాన్ అని తేలిక పరిస్థితుల్లో, మాన్ అని ఎక్కువ వేడిలో, ఎక్కువ వేగంలో. మనదేశంలో, యూరప్‌లో రాన్ రాస్తారు. అమెరికాలో ఆ రెండూ కూడి రెండుతో భాగించిన సగటు రాస్తారు. అందుకే వాళ్ళ 87 అంటే సుమారుగా మన 91 లేదా 92, వాళ్ళ 93 అంటే మన 98 దగ్గర. అమెరికా నుంచి వచ్చి ఇక్కడ కారు కొనేవాళ్ళూ, ఇక్కడి నుంచి వెళ్ళి అక్కడ మొదటి కారు కొనే పిల్లలూ ఇద్దరూ ఈ ఒక్క చోట పొరబడుతున్నారు.

కలపడంలో మాత్రం మా అన్నయ్యది చక్కటి లెక్క. వాడి కారు 91 అడుగుతుంది. టెక్సాస్ బంకుల్లో 87, 89, 93 ఉంటాయి, 91 దొరకదు. పదిహేను గ్యాలన్ల ట్యాంకు ఖాళీ అయితే పది గ్యాలన్లు 93, అయిదు గ్యాలన్లు 87 పోసుకుంటాడు. పది తొంభైమూళ్ళు 930, అయిదు ఎనభైయేళ్ళు 435, కలిపితే 1365, పదిహేనుతో భాగిస్తే సరిగ్గా 91. ఇందులో ప్రమాదమేమీ లేదు, ఆ బంకులు కూడా చేసేది ఇదే. చాలాచోట్ల 89కి భూమిలో ప్రత్యేకంగా ట్యాంకు ఉండదు, మనం బటన్ నొక్కితే పంపే 87నీ పైదాన్నీ కలిపి ఇస్తుంది. పెట్రోల్‌లో పెట్రోల్ పోస్తే దానంతటదే కలిసిపోతుంది, ఏది ముందు పోయించామన్నది లెక్కే కాదు, పోసే ధారకీ బండి కుదుపులకీ అరగంటలో ఒకటైపోతుంది. ఇంకో సంగతి, డెన్వర్ వైపు వెళ్తే 85 అని మామూలు పెట్రోల్‌గా అమ్ముతారు. ఎత్తు ప్రదేశంలో గాలి పలచగా ఉంటుంది, సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి పాత కార్బురేటర్ బళ్ళకి సరిపోయేది. ఇప్పటి కార్లకి మాన్యువల్‌లో 87 అని ఉంటే కొండ మీదైనా 87 పోయించాలి, టర్బో అయితే మరీను.

అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2017లో ప్రీమియం "మంచిది" అని మాత్రమే చెప్పే కార్లను పరీక్షించింది. సగటున మైలేజీ 2.7 శాతం, పవర్ 1.4 శాతం పెరిగాయి. నా లెక్క పుస్తకంలో వచ్చింది కూడా ఇంచుమించు ఆ తీరుగానే ఉంది. మాన్యువల్‌లో "తప్పనిసరి" అని రాశారా, "మంచిది" అని రాశారా అన్నది జాగ్రత్తగా చదవండి. తప్పనిసరి అంటే బేరం లేదు. మంచిది అంటే మీ రోడ్లూ, మీ ఎండా, మీ జేబూ చూసుకుని నిర్ణయించుకోండి.

ఇప్పుడు మన దగ్గర అసలు మార్పు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఈ20 అనేది, మొదలుపెట్టారు. 2025కల్లా అదే మన మామూలు పెట్రోల్ అయిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన వివరణ ప్రకారం ఇథనాల్ ఆక్టేన్ 108.5, అది కలవకముందు పెట్రోల్‌ది 84.4, రెండూ కలిస్తే మామూలు పెట్రోలే రాన్ 95 దాకా వస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో నాకు కావలసి వచ్చిన 95 ఇప్పుడు మామూలు నాజిల్‌లోనే వస్తోందన్నమాట. అందుకే నేను ఎక్స్‌పీ95 కొనడం ఆపేశాను. ఎక్స్‌పీ95లోనూ ఇథనాల్ ఉంటుంది, ఆక్టేన్‌లో ఇప్పుడు నాకు పెద్ద లాభం కనబడలేదు.

అయితే జనం టెన్షన్ ఆక్టేన్ గురించి కాదు. పాత కారులో ఇరవై శాతం ఇథనాల్ పోస్తే రబ్బరు పైపులు పాడవుతాయేమో, మైలేజీ పడిపోతుందేమో అని. ఈ భయంలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఈ10కి ట్యూన్ చేసిన పాత కార్లలో ఈ20తో 6-7 శాతం దాకా మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. కొన్ని పాత బళ్ళలో 20-30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. మైలేజీ చూసి నెల బడ్జెట్ వేసుకునే ఇంట్లో 6 శాతం చిన్న సంగతేం కాదు.

అందుకే ఎక్స్‌పీ100కి ఇప్పుడు గిరాకీ. అందులో ఇథనాల్ ఉండదు. మా తమ్ముడు వంద అంకె చూసి కొన్నాననుకున్నాడు, నిజానికి వాడికి కావలసింది ఆ ఇథనాల్ లేకపోవడం. సగం ఈ20, సగం ఎక్స్‌పీ100 పోస్తే ట్యాంకులో ఇథనాల్ 10 శాతానికి వస్తుంది, అంటే ఆ కారు అలవాటుపడిన ఈ10. మూడొంతుల్లో రెండొంతులు ఈ20 అయితే 13 శాతం చిల్లర. ఇది సూటి లెక్క, పరిమాణాన్ని బట్టి తేలిపోతుంది. ఆక్టేన్ మాత్రం ఇథనాల్ ఉన్నచోట అంత సూటిగా సగటు రాదు, కాస్త అటూ ఇటూ అవుతుంది, కానీ 95కీ 100కీ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ లెక్క పెట్టుకోనక్కర్లేదు. కలిపేటప్పుడు వెయ్యి రూపాయలది ఇది, వెయ్యి రూపాయలది అది అనకండి. రేట్లు వేరు కాబట్టి పాళ్ళు తప్పిపోతాయి. లీటర్లలో అడగండి. రెండు నాజిళ్ళు ఒక్కోసారి రెండు పక్కల ఉంటాయి, బండి తిప్పాలి, రెండు బిల్లులు వస్తాయి, వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. పొద్దున్నే ఏడింటికల్లా వెళ్తే సుఖం.

నేను ఇందులో భయపడేది ఒక్కదానికే, నీళ్ళకి. ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం. కొంచెం తేమని తనలో కలుపుకుంటుంది, మితి దాటితే నీళ్ళతో కలిసి పెట్రోల్‌ని వదిలేసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. అప్పుడు పైన మిగిలేది ఇథనాల్ పోయిన పెట్రోల్, దాని ఆక్టేన్ ఎంతో పైన చెప్పాను, 84 దగ్గర. అడుగున ఉన్నదాన్ని పంపు ముందు లాగుతుంది కాబట్టి బండి స్టార్టే కాదు. ఇథనాల్ పాలు ఎంత తక్కువైతే నీళ్ళను తట్టుకునే శక్తీ అంత తక్కువ, కాబట్టి ట్యాంకులో ఇప్పటికే తేమ చేరిన ఈ20 ఉంటే దాని మీద ఇథనాల్ లేనిది పోసి పలచన చేయడం కొన్నిసార్లు ఆ విడిపోవడాన్ని తొందర చేస్తుంది. వానల్లో వీధులు మునిగిన మర్నాడు ఆ చుట్టుపక్కల బంకుల్లో పెట్రోల్ పోయించకండి. అనుమానమొస్తే డెన్సిటీ అడగండి, ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగండి, అయిదు లీటర్ల కొలత అడగండి, ఇవి ప్రతి బంకులో ఉండాలి, అడగడం మన హక్కు.

ఎక్స్‌పీ100 నిజంగా దేనికి పనికొస్తుందంటే, ఆగి ఉండే కార్లకి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏ కాలంలో చూసినా కవర్ కప్పి ఉండే కార్లు నాలుగైదు కనిపిస్తాయి, అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వెళ్ళిన అమ్మానాన్నలవి. బయల్దేరేముందు ట్యాంకు బాగా తగ్గేదాకా తిప్పి, తర్వాత ఇథనాల్ లేనిదాంతో నిండుగా నింపి, బండిని పది కిలోమీటర్లు నడిపి పైపుల్లోకి కూడా అదే వెళ్ళేలా చేసి పెట్టండి. నిండు ట్యాంకులో గాలి తక్కువ, తేమ తక్కువ. మా పక్క ఫ్లాట్ అంకుల్‌కి ఈ మాటే చెప్పాను, ఆయన ఆరు నెలలకి తిరిగొచ్చి బ్యాటరీ మార్చుకున్నారు తప్ప పెట్రోల్ వైపు ఏ ఇబ్బందీ రాలేదు. బాటిల్‌లో అమ్మే ఆక్టేన్ బూస్టర్లతో మనలాంటివాళ్ళకి పనిలేదు. పొరపాటున డీజిల్ పడితే అది కలపడం కాదు, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ట్యాంకు దించాలి.

ఇక మా తమ్ముడి రూపాయల లెక్క, ఆ సాయంత్రం కాగితం మీద వేశాం. నెలకి 800 కిలోమీటర్లు తిరుగుతాడు, లీటరుకి 16 ఇస్తుంది, అంటే 50 లీటర్లు. అందులో సగం, 25 లీటర్లు ఎక్స్‌పీ100. ఆ రోజు రేట్లలో మామూలుది 107 చిల్లర, ఇది 160 పైన, లీటరుకి 53 తేడా. నెలకి 1,325, ఏడాదికి పదహారు వేలు దగ్గర. ఇథనాల్ సగానికి తగ్గించినందుకు మైలేజీలో తిరిగొచ్చేది నెలకి మహా అయితే మూడు, మూడున్నర లీటర్లు. మిగిలినదంతా రబ్బరు పైపుల మీద భయానికి కడుతున్న డబ్బు. అలాంటప్పుడు ఆ పైపులనే చూపించుకోవచ్చు కదరా అన్నాను. కాసేపు కాగితం వైపు చూసి, "వంద పోసినప్పుడు మంచిగ పోతుందన్నా" అని ఒకసారి అన్నాడు, మళ్ళీ లెక్క చూసి ఊరుకున్నాడు.

నిన్న శనివారం ఇద్దరం మెకానిక్ అన్న దగ్గరికి వెళ్ళాం. బానెట్ ఎత్తి, పెట్రోల్ పైపులన్నీ వేలితో తడుముతూ వచ్చి, క్లాంపు పక్కన ఒకచోట ఆగాడు. ఆ పైపుని వంచితే సన్నటి పగుళ్ళు కనబడ్డాయి. ఇథనాలా, పదేళ్ళ వేడా అని అడిగాను, "రెండూ అనుకో, మార్చేటిదైతే మార్చాలె" అన్నాడు. ఆ పైపూ, దాని పక్కదీ, రెండు క్లాంపులూ మార్పించాడు. తిరిగి వస్తూ అదే కూకట్‌పల్లి బంకులో ఆగి మామూలు పెట్రోల్ 20 లీటర్లు పోయించుకున్నాడు.